మొగలి వాసన తెలియని అబ్బాయికి మీసం ఎందుకు రాలేదు?

వానాకాలం వస్తే గంజాం జిల్లాలో ఛత్రపురం వైపు గాలే మారిపోతుంది. మొగలిపూలు కోసుకొచ్చి, రాగి గుండిగల్లో మరిగించి అత్తరు తీస్తారు. కాసేపు భట్టీ దగ్గర నిలబడితే చాలు, చొక్కాకు పట్టిన వాసన ఉతికినా వదలదు. బరంపురంలోని మా బంధువుల అబ్బాయి అక్కడే నిలబడి "ఏం వాసన?" అని అడిగాడు. జలుబేమో అనుకున్నాం. పదిహేడేళ్లు వచ్చినా వాడికి మీసం మొలవలేదు, గొంతు మారలేదు. "వాళ్ల నాన్నా ఆలస్యంగానే ఎదిగాడులే" అన్నారు పెద్దవాళ్లు. ఈ రెండింటినీ కలిపి చూడాలని మాకెవరికీ తోచలేదు. మొదట చూపించిన డాక్టరూ వాసన సంగతి అడగలేదు.

కలిపి చూసినవాళ్లు 1856లోనే ఉన్నారు. స్పెయిన్‌కు చెందిన మాయెస్త్రే దె సాన్ హువాన్ ఒక మగమనిషి శవాన్ని కోసి చూస్తే, మెదడులో వాసన నాడులు లేవు, వృషణాలు ఎదగలేదు. 1944లో ఫ్రాంజ్ కాల్‌మన్ ఈ లోపం కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని చూపించాడు. అందుకే కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ముక్కుకూ ఈడుకూ ఏం సంబంధమో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

జవాబు ముక్కు లోపలి పొర పుట్టుకలో ఉంది. గర్భంలో రెండో నెలకే పిండం ముఖం మీద రెండు చోట్ల పైపొర మందమై లోపలికి గుంట పడుతుంది. ఆ పొరలో కొన్ని కణాలు వాసన పట్టే నాడీకణాలవుతాయి, కొన్ని వాటికి ఆసరాగా నిలుస్తాయి. అడుగున ఉండిపోయేవి విత్తనాల లాంటివి, జీవితాంతం కొత్త నాడీకణాలను పుట్టిస్తూనే ఉంటాయి. ఇక నాలుగో రకం, ముక్కులో కనిపించినా అక్కడే ఉండిపోదు. వాసన నాడుల పోగులు పట్టుకుని, జల్లెడలా చిల్లులున్న ఎముక దాటి మెదడులోకి పాకుతుంది. అక్కడ హైపోథాలమస్‌ అనే భాగానికి చేరి, ఈడు రావడానికి ఆజ్ఞ ఇచ్చే జీఎన్ఆర్‌హెచ్ హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఎలుకలో ఇవి సుమారు 800 కణాలే. ఒక ప్రాణి సంతానం కనడం ఇన్ని కొద్ది కణాల నడక మీద ఆధారపడిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎలుక పిండాల్లో ఈ ప్రయాణాన్ని 1989లో గుర్తించారు. అదే ఏడాది, ఈ లోపమున్న ఒక మానవ పిండాన్ని పరీక్షిస్తే ఆ కణాలు మెదడు చేరకుండా దారిలోనే ఆగిపోయి కనిపించాయి. వాసన పోగులు మెదడుకు అందకపోతే వాటిని పట్టుకుని వెళ్లే కణాలకు దారే లేదు. 1991లో ఎక్స్ క్రోమోజోమ్ మీద ఈ లోపానికి కారణమయ్యే మొదటి జన్యువు దొరికింది. తర్వాత మరెన్నో బయటపడ్డాయి.

పుట్టుకతోనే వాసన లేని పిల్లలకు తమకేదో లేదని తెలియదు, కాబట్టి చెప్పరు. పెద్దవాళ్లే అడగాలి. మావాడికి చివరికి పరీక్షలు చేసి హార్మోన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మొన్న ఫోన్ చేస్తే "మామయ్యా" అన్న గొంతు ఎవరిదో ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. మొగలి వాసన మాత్రం ఇంజక్షన్లతో రాదు.