కళ్లు బోర్డు మీదా, టీచర్ చేతుల మీదా?

విజయనగరం జిల్లాలో ఒక బడికి ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాప్ చూద్దామని వెళ్లాను. బల్లల మీద బ్రెడ్‌బోర్డులు (వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే చిల్లుల పలకలు), రంగురంగుల వైర్లు, కరెంటుని అదుపు చేసే రెసిస్టర్లు, చిన్న చిన్న ఎల్ఈడీ దీపాలు. "పొడుగు కాలు ప్లస్ వైపు పెట్టండి, ఇప్పుడు రెసిస్టర్ తియ్యండి" అని సార్ చెప్పుకుంటూ పోతుంటే పిల్లలు తల ఎత్తకుండానే వింటూ గుచ్చేస్తున్నారు. చివరి బల్ల దగ్గర కూర్చున్న తొమ్మిదో తరగతి పాపకి పుట్టుకతోనే వినపడదు. పక్కన టీచరమ్మ సైగలతో చెబుతోంది. పాప ఆవిడ చేతుల వైపు చూసేలోపు వేళ్ల మధ్య ఎల్ఈడీ అటూఇటూ తిరిగిపోయింది, మళ్లీ బోర్డు చూసుకుని తలెత్తేసరికి పాఠం రెండు మెట్లు ముందుకెళ్లిపోయింది. అందరివీ వెలిగాయి, ఈ పాపది వెలగలేదు. పొట్టి కాలు ప్లస్‌లో ఉంది, అంతే.

వినపడే పిల్లలకి మాట చెవిలోంచి వస్తుంది, పని కంటి ముందు ఉంటుంది. ఈ పాపకి రెండూ కంటిలోంచే రావాలి. ఈ చిన్న విషయం మన ల్యాబుల్లోకి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద ఒక అంతర్జాతీయ మహాసభ జరిగింది. అక్కడ ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ వినపడేవాళ్లే. సైగల కంటే నోటి మాట గొప్పదని, బడుల్లో నోటి మాటే నేర్పాలని తీర్మానించారు. 1876లో టెలిఫోన్‌కి పేటెంట్ పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ది కూడా అదే పట్టు, ఆయన తల్లికీ భార్యకీ కూడా వినపడదు, అయినా సరే. మన దేశంలో బొంబాయి, కలకత్తాల్లో బధిరుల బడులు మొదలైంది సరిగ్గా ఆ గాలి వీస్తున్న రోజుల్లోనే. పిల్లలు చేతులు కదిపితే తప్పు, పెదాలు చూసి మాట పట్టుకోవాలి. అదే పిల్లలకి కుట్టుపని, వడ్రంగం, బైండింగ్ లాంటివి మాత్రం నేర్పేవారు. చేతులతో మాట్లాడకూడదు కానీ చేతులతో పని చెయ్యాలి! నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది.

టెలిఫోన్ వచ్చిన దాదాపు 90 ఏళ్లకి, 1964లో, అమెరికాలో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే ఫిజిసిస్టు టెలిప్రింటర్‌ని, అంటే టైపు చేసింది దూరాన అచ్చయ్యే యంత్రాన్ని, ఫోన్ లైనుకి కలిపే పరికరం తయారుచేసి, టైపు చేసుకుంటూ ఫోన్లో మాట్లాడుకునే దారి తెరిచాడు. ఆయనకీ వినపడదు. అంతకు నాలుగేళ్ల ముందే విలియం స్టోకీ అనే ప్రొఫెసర్ సైగలకి సొంత నిర్మాణం ఉందని, అది పూర్తి స్థాయి భాష అని రాశాడు. మిలాన్ తీర్మానాలు తప్పని అదే మహాసభ ఒప్పుకున్నది మాత్రం 2010లో, కెనడాలోని వాంకూవర్‌లో. 130 ఏళ్లు పట్టింది.

మన దగ్గర వికలాంగుల హక్కుల కోసం 1995లో ఒక చట్టం, 2016లో దాని స్థానంలో ఇంకొకటి వచ్చాయి. భారతీయ సంజ్ఞాభాష కోసం ఢిల్లీలో కేంద్ర సంస్థ 2015లో పెట్టారు, 2018లో 3,000 మాటలతో మొదలైన దాని నిఘంటువు 2021కి 10,000 మాటలయింది. ఇటు 2016లోనే బడి పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవడానికి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలుపెట్టింది, ఒక్కో బడికి 20 లక్షల దాకా గ్రాంటు, ఆర్డుయినోలు (ప్రోగ్రాం రాసి పనిచేయించే చిన్న బోర్డులు), సెన్సార్లు, త్రీడీ ప్రింటర్లు. సామాను వచ్చింది, సంతోషమే. కానీ పాఠం మాత్రం చెవి కోసమే తయారైంది. సర్క్యూట్ పనిచేసిందని తెలియడానికి బజర్ మోగిస్తారు, ఆ చోట ఎల్ఈడీ గానీ సెల్‌ఫోన్లో ఉండే వైబ్రేషన్ మోటారు గానీ పెడితే సరిపోతుంది కదా.

అసలు కష్టం ఇంకోటుంది. సంజ్ఞాభాషలో గుర్తు లేని మాటని అక్షరం అక్షరంగా వేళ్లతో చూపించాలి, మన దేశంలో వాడుకలో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలకి రెండు చేతులూ కావాల్సిన పద్ధతి. రెసిస్టర్ అంటే ఎనిమిది అక్షరాలు. చేతిలో వైర్లు అతికే వేడి సోల్డరింగ్ ఐరన్ ఉంటే దాన్ని స్టాండులో పెట్టి, ఎనిమిది అక్షరాలు చెప్పి, మళ్లీ తీసుకోవాలి. స్క్రీన్ మీద తెలుగు అక్షరాలు వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. సైగే మొదటి భాష అయిన పిల్లలకి తెలుగు చదవడం రెండో భాష చదవడం లాంటిది, అంత వేగంగా సాగదు.

దీనికి తగిన పద్ధతి మనకి కొత్తదేం కాదు. ఖద్దరుకి పేరుపడ్డ పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం ఎవరూ ఉపన్యాసం ఇచ్చి నేర్పరు. పెద్దావిడ చేసి చూపిస్తుంది, ఆపుతుంది, పిల్ల చేస్తుంది, పెద్దావిడ చూస్తుంది. చూపించేటప్పుడు మాట లేదు, మాట్లాడేటప్పుడు పని లేదు. ల్యాబులో కూడా అంతే కావాలి. ముందు సైగలతో చెప్పి, ఆగి, చేసి చూపించి, మళ్లీ ఆగాలి. పిలవాలంటే బల్ల మీద తట్టాలి, లేదా లైటు స్విచ్ రెండుసార్లు వెయ్యాలి. గంట పాఠం గంటన్నర అవుతుంది, ఆ అరగంట టైంటేబుల్లో రాసిపెట్టాలి.

ఆ రోజు మధ్యాహ్నం టీచరమ్మ అలాగే నెమ్మదిగా మళ్లీ చేయించింది. ఎల్ఈడీ కాళ్లు మార్చగానే వెలిగింది. పాప రెసిస్టర్‌ని పైకెత్తి చూపించి, రెండో చేతి చూపుడువేలితో గాల్లో వంకర టింకర గీత గీసింది, సర్క్యూట్ బొమ్మలో దాని గుర్తు అలాగే ఉంటుంది మరి. పక్క పిల్ల వెంటనే అదే సైగ చేసింది. సాయంత్రానికి ఆ బల్ల దగ్గర ఎనిమిది అక్షరాలు ఎవరూ వాడలేదు. వచ్చే ఏడాది ఈ పిల్లలు టెన్త్ అయిపోయి వెళ్లిపోతారు, ఆ సైగ శ్రీకాకుళంలో ఇంకో బడికి చేరే దారి ఇప్పటికైతే లేదు. టీచరమ్మ ఫోన్లో వీడియో తీసుకుంది. మీ బడిలో ఇలాంటి సైగలు పుట్టి ఉంటే మీరూ తీసి పెట్టండి.