జైసల్మేర్ చూడబోయే పిల్లలకు

బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవులకు మీరంతా రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్ వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషం. రైల్లో అయితే ఇక్కడినుంచి జోధ్‌పూర్‌కు దాదాపు రెండు రోజులు, అక్కడినుంచి ఇంకో ఐదారు గంటలు. అంత దూరం వెళ్ళి ఫొటోలతో సరిపెట్టుకుని రావద్దు. ఎక్కడ నిలబడినా రెండే రెండు అడగండి: ఇక్కడికి నీళ్ళు ఎలా వచ్చేవి? ఎండను ఎలా ఆపారు? మన బెంగళూరులో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైనే వాన. అక్కడ దాదాపు 200 మాత్రమే.

అందుకే మొదట కోటకు కాదు, తెల్లవారుతూనే గడీసర్ చెరువుకు వెళ్ళండి. 14వ శతాబ్దంలో మహారావల్ గడ్సీసింగ్ పేరు మీద వెలిసిన చెరువు అది. చుట్టూ ఉన్న రాతి నేల మీద పడ్డ వాన చుక్కను వదలకుండా ఇందులోకి మళ్ళించేవారు. కొళాయిలు లేని కాలంలో ఇక్కడినుంచే కోట మీదికి కడవలతో మోసేవారు. మన మెజెస్టిక్ బస్టాండు ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేదని మీకు తెలుసా? వానలు బాగా పడే మనం మన చెరువును పోగొట్టుకున్నాం. గడీసర్‌కు ఇప్పుడు ఇందిరాగాంధీ కాలువ నీళ్ళు కూడా అందుతున్నాయి.

తర్వాత కోట. 1156లో రావల్ జైసల్ త్రికూట గుట్ట మీద మొదలుపెట్టాడు. 99 బురుజులు. నాలుగు ద్వారాలు వరసగా వస్తాయి: అఖై పోల్, సూరజ్ పోల్, గణేశ్ పోల్, హవా పోల్. వాటి మధ్య దారి ఊరికే వంకరపోలేదు. ఏనుగులతో, గుర్రాలతో వచ్చే సైన్యం పరుగు అందుకోకుండా వేసిన మలుపులవి. గోడల పైఅంచున గుండ్రటి రాళ్ళు కనిపిస్తాయి, శత్రువుల మీదికి దొర్లించడానికి పెట్టినవి. హవా పోల్ దగ్గర కాసేపు కూర్చోండి. హవా అంటే గాలి, ఆ ద్వారానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో ఒంటికే తెలుస్తుంది. అడుగుల ఒరిపిడికి దారిలో రాళ్ళు నున్నగా అయిపోయాయి, రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోండి.

ఈ కోటలో ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారు. దాని అందమూ అదే, కష్టమూ అదే. కడవల్లో మోసుకున్న రోజుల్లో వాడకం కొద్ది, పారబోసేది ఇంకా కొద్ది. పైపులు వచ్చాక, లాడ్జీలు పెరిగాక వాడిన నీరు కారి గుట్టలోకి ఇంకడం మొదలైంది. కింద ఉన్నది గట్టి నల్లరాయి కాదు, మట్టిపొరలు కలిసిన మెత్తటి రాయి. నానితే జారుతుంది, పైనున్న బురుజు బీటలిస్తుంది. కొన్ని బురుజులు అలా కూలాయి కూడా. కాబట్టి అమ్మానాన్నలకు చెప్పి బస కోట కింద ఊళ్ళో తీసుకోండి. ఈ ఒక్క మాట తప్పకుండా పట్టించుకోండి.

లోపలి జైన గుడులకు పొద్దున్నే వెళ్ళాలి. తోలు బెల్టులు, పర్సులు బసలోనే వదిలేయండి, లోపలికి రానివ్వరు.

ఎండ సంగతి తెలియాలంటే పట్వా వర్తకుల హవేలీలకు వెళ్ళండి. 19వ శతాబ్దపు ఇళ్ళు, ఐదు. ముందు సందు చూడండి: ఎంత ఇరుకంటే నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడే ఎండ కిందికి దిగుతుంది. గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఝరోఖాలు, అంటే కిటికీ అరుగులు, కింది గోడకు గొడుగు పడతాయి. లోపలికి వెళ్ళి రాతిజాలీ (చిల్లులు చెక్కిన రాతి పలక) దగ్గర అరచెయ్యి పెట్టండి. వెలుగు చిల్లులు చిల్లులుగా పడుతుంది, గాలి మాత్రం ధారగా తగులుతుంది. నథ్‌మల్ హవేలీలో కుడివైపు ఒక అన్న, ఎడమవైపు ఒక తమ్ముడు చెక్కారని చెబుతారు. రెండు వైపులూ ఒకేలా అనిపిస్తాయి, ఒకటి కావు. తేడాలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టండి.

తీరిక ఉంటే 17 కిలోమీటర్ల దూరంలోని ఆకల్ కూడా చూడండి. సుమారు 18 కోట్ల ఏళ్ళనాటి చెట్ల మానులు రాళ్ళయి పడి ఉంటాయి. ఆ ఎడారి ఒకప్పుడు అడవి!

డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల లోపుకు పడిపోతాయి, మన ఊరి స్వెటరు ఒక్కటీ చాలదు. పగలు గాలి పొడి, చెమట పట్టినట్టే తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నీళ్ళు తాగండి, పెదాలకు కొబ్బరినూనె రాయండి. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది, కూర్చునేటప్పుడు మొదట ముందరి కాళ్ళు మడుస్తుంది. రెండుసార్లూ మీరు ముందుకే తూలుతారు, కాబట్టి రెండుసార్లూ వెనక్కి వాలి జీను గట్టిగా పట్టుకోండి.

బజారులో రంగు దుప్పటి కొనేముందు తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్దండి. రంగు అంటితే మొదటి ఉతుకులోనే పాడవుతుంది. కుట్టుపని వెనకవైపు తిప్పి చూడండి, దారం వదులుగా వేలాడుతుంటే వద్దనండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకుండా కొనండి: సాంగ్రి. దసరాకు మనం పూజించే జమ్మిచెట్టు కాయలే అవి, మన ఒరుగుల్లాగా ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు. 100 గ్రాములు నలుగురికి సరిపోతాయి. ఇసుక పోయేలా నాలుగు నీళ్ళు కడిగి రాత్రంతా నానబెట్టమని అమ్మకు చెప్పండి. ఉదయం మెత్తబడేదాకా ఉడికించి వార్చాలి. తర్వాత నూనెలో జీలకర్ర, ఇంగువ, ఎండుమిర్చి వేసి, ఉడికిన సాంగ్రి, చిలికిన పెరుగు, ఉప్పు కలిపి సన్నసెగ మీద మగ్గనివ్వాలి. తడి పూర్తిగా ఇగిరిపోయేదాకా ఉంచాలి. సజ్జరొట్టెలోకి బాగుంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య