సోల్ రింగ్‌ను ఎందుకు వదిలేశారు?

2024 సెప్టెంబర్ 23న ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ కార్డుల ఆటలో, కమాండర్ పద్ధతిలో ఆడేవాళ్లకు నాలుగు కార్డులను బ్యాన్ చేశారు. మానా క్రిప్ట్, జ్యుయెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్, ‘నాడు, వింగ్డ్ విజ్డమ్’. ఆ జాబితా చూసినవాళ్లలో చాలామంది ఐదో పేరు కోసం వెతికారు. అది సోల్ రింగ్. ఆట మొదట్లోనే ఒకరిని అందనంత ముందుకు తోసేస్తుందని మానా క్రిప్ట్ మీద మోపిన నేరాన్నే దీని మీదా మోపొచ్చు. అయినా దాన్ని ముట్టుకోలేదు.

తిరుపతిలో ఈ ఆట ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల రూముల్లో ఉండే పీజీ కుర్రాళ్లు, ఏర్పేడు ఐఐటీ నుంచి వారాంతంలో టౌన్‌కి వచ్చేవాళ్లు, బెంగళూరు కంపెనీకి ఇక్కడి నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే ముప్ఫై దాటిన అన్నలు. నలుగురు కుదిరితే ఆట మొదలవుతుంది. “ఏంది మచ్చా, మళ్లీ ఫస్ట్ టర్న్‌లోనే సోల్ రింగా?” అనే గొడవ కూడా దానితోపాటే మొదలవుతుంది. ఈ గొడవకు ముప్ఫై ఏళ్ల చరిత్ర ఉంది.

ఆట తెలియని వాళ్ల కోసం కొంచెం. మ్యాజిక్‌లో ఏ కార్డు వేయాలన్నా మానా ఖర్చు పెట్టాలి. మానా ముఖ్యంగా ల్యాండ్ కార్డుల నుంచి వస్తుంది, టర్న్‌కు ఒక్క ల్యాండే దించనిస్తారు. అందుకని మొదటి టర్న్‌లో ఒక మానా, రెండో టర్న్‌లో రెండు, మూడో టర్న్‌లో మూడు, ఇలా మెట్టు మెట్టుగా ఆట పెరుగుతుంది. సోల్ రింగ్ వేయడానికి పట్టేది ఒక్క మానా. దాన్ని ట్యాప్ చేస్తే, అంటే అడ్డంగా తిప్పితే, రెండు మానాలు ఇస్తుంది. పెట్టింది ఆ టర్న్‌లోనే తిరిగొచ్చి, పైన ఇంకొకటి మిగులుతుంది. ఆ తర్వాత ప్రతి టర్న్‌లోనూ రెండు ఊరికే. మొదటి టర్న్‌లో ల్యాండ్ దించి, సోల్ రింగ్ వేసి, అదిచ్చిన రెండుతో ఆర్కేన్ సిగ్నెట్ (టర్న్‌కు ఒక మానా ఇచ్చే కార్డు) కూడా వేసినవాడికి రెండో టర్న్‌లో ఐదు మానాలు ఉంటాయి. మిగతా ముగ్గురికి తలా రెండు. మనం ఇంకా సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని ఉంటే, వాడు బ్రేక్ దర్శనం ముగించుకుని లడ్డూ సంచితో బయటికొచ్చినట్టు ఉంటుంది.

ఈ కార్డు మొన్న మొన్న పుట్టింది కాదు. గణితంలో డాక్టరేట్ చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ తయారు చేసిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ 1993 ఆగస్టులో తెచ్చింది. ఆల్ఫా అని పిలిచే ఆ మొదటి ముద్రణలోనే సోల్ రింగ్ ఉంది. బొమ్మ వేసింది మార్క్ టెడిన్. ఊరికే మానా ఇచ్చే బ్లాక్ లోటస్, మాక్స్ అనే బలమైన కార్డుల్లా దాన్ని ‘రేర్’ చేయలేదు, ‘అన్‌కామన్’గా వేశారు. అప్పట్లో తయారీదారుల అంచనా వేరు. ఒక్కో మనిషి నాలుగైదు ప్యాకెట్లు కొనుక్కుని స్నేహితులతో ఆడుకుంటాడు, మరీ బలమైన కార్డు ఊరికి ఒకటో రెండో ఉంటాయి, కాబట్టి ప్రమాదం లేదనుకున్నారు. జనం డబ్బాలకు డబ్బాలు కొనడంతో ఆ లెక్క కొన్ని నెలల్లోనే తారుమారైంది.

1994 జనవరిలో టోర్నమెంట్ల కోసం మొదటి రిస్ట్రిక్టెడ్ జాబితా వచ్చింది. జాబితాలో ఉన్న కార్డును డెక్‌కు ఒక్కటి మించి పెట్టకూడదు. సోల్ రింగ్ అందులో ఉంది. 1995లో వచ్చిన ఫోర్త్ ఎడిషన్ నుంచి దాన్ని తీసేశారు కూడా. ఆ తర్వాత పదిహేనేళ్లు మామూలు సెట్లలో అది కనపడలేదు. ఇవాళ్టికీ వింటేజ్ అనే పోటీ పద్ధతిలో అది రిస్ట్రిక్టెడ్, లెగసీ అనే మరో పద్ధతిలో పూర్తిగా బ్యాన్. అంటే పోటీ ఆటల విషయంలో తీర్పు ముప్ఫై ఏళ్ల కిందటే వచ్చేసింది, దాని మీద ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా కమాండర్‌ది. అది కంపెనీ ఆఫీసులో పుట్టిన పద్ధతి కాదు. 90ల మధ్యలో అలాస్కాలో ఆడమ్ స్టేలీ, అతని స్నేహితులు మొదలుపెట్టారు. లెజెండ్స్ సెట్‌లోని ఐదు పెద్ద డ్రాగన్ల వల్ల దానికి ‘ఎల్డర్ డ్రాగన్ హైలాండర్’ అని పేరొచ్చింది. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన షెల్డన్ మెనరీకి అది అక్కడే పరిచయమైంది. ఆయన మ్యాజిక్ టోర్నమెంట్లలో జడ్జి కూడా. 2000ల మొదట్లో తోటి జడ్జిలకు నేర్పాడు. పగలంతా పోటీలు నడిపి అలసిపోయిన జడ్జిలు రాత్రి సరదాకి ఆడుకునే ఆటగా అది ఊళ్లు దాటింది. నిబంధనలు చూసుకోవడానికి రూల్స్ కమిటీ అని ఒకటి ఏర్పడింది. కంపెనీ జీతం మీద నడిచే కమిటీ కాదది, ఆటగాళ్ల కమిటీ.

కమాండర్ నిబంధనల్లో మన కథకు కావలసినవి రెండు. ఒకటి, నలుగురు కలిసి ఆడతారు, తలా 40 లైఫ్, అంటే ప్రాణాలు. రెండు, డెక్‌లో వంద కార్డులు (వాటిలో ఒకటి డెక్‌కు నాయకుడు, దాన్నే కమాండర్ అంటారు), మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డూ రెండోసారి ఉండకూడదు. అసలు మెలిక ఈ రెండోదానిలోనే ఉంది. టోర్నమెంట్లలో సోల్ రింగ్‌కు వేసిన శిక్ష డెక్‌కు ఒక్కటే అని. కమాండర్‌లో ఆ నియమం ప్రతి కార్డుకూ ఉంది కాబట్టి సోల్ రింగ్‌కు విడిగా శిక్షంటూ ఏమీ మిగల్లేదు. పైగా అది ఏ రంగు డెక్‌లోనైనా ఇమిడిపోతుంది. దాన్ని పెట్టుకోకపోవడానికి కారణం వెతుక్కోవాల్సిన పరిస్థితి.

2011లో కంపెనీ ఈ పద్ధతిని దత్తత తీసుకుంది. ఆ ఏడాది జూన్‌లో వంద కార్డులతో సిద్ధంగా ఉన్న ఐదు కమాండర్ డెక్‌లు అమ్మకానికి పెట్టింది. ఐదింట్లోనూ సోల్ రింగ్ ఉంది. 2013 నుంచి ఈ రెడీమేడ్ డెక్‌లు ఏటా వస్తున్నాయి. ఆటగాళ్లు వాటిని ప్రీకాన్లు అంటారు. దాదాపు ప్రతి ప్రీకాన్‌లోనూ ఒక సోల్ రింగ్ గ్యారంటీ. కనపడకుండా పోయిన కార్డు ఇలా ఇంటింటికీ చేరింది, ధర ఒకటి రెండు డాలర్లకు దిగింది.

ధర సంగతి ఇక్కడ చిన్నది కాదు. బ్లాక్ లోటస్, ఐదు మాక్స్ కార్డులు కమాండర్‌లో ఎప్పటి నుంచో బ్యాన్. బలం ఒక్కటే కారణం కాదు. వేలల్లో, లక్షల్లో ధర ఉన్న కార్డులు లేకపోతే ఈ ఆట ఆడలేమేమోనని కొత్తవాళ్లు భయపడతారన్నది కమిటీ బాహాటంగా చెప్పిన కారణాల్లో ఒకటి. సోల్ రింగ్‌తో ఆ భయం లేదు. ఒక్క మానా ఇచ్చే మాక్స్ నిషిద్ధం, రెండిచ్చే సోల్ రింగ్ అందరి చేతుల్లో. ఆటబలం కోణంలో చూస్తే తిక్కగా ఉంటుంది, పర్సు కోణంలో చూస్తే అర్థమవుతుంది.

మళ్లీ 2024కు వస్తే, కమిటీ చెప్పింది ఇది: మొదటి రెండు మూడు టర్న్‌లలోనే ఒకరు అందనంత దూరం వెళ్లిపోయే ఆటలు ఎక్కువయ్యాయి, అలాంటి పరుగుకు కారణమయ్యే కార్డులు తగ్గాలి. మానా క్రిప్ట్ 1995 నాటి ప్రచారపు కార్డు. వేయడానికి అసలు ఖర్చే లేదు, రెండు మానాలు ఇస్తుంది. బదులుగా టర్న్ టర్న్‌కూ కాయిన్ ఎగరేయాలి, ఓడితే మూడు డ్యామేజీ. 40 లైఫ్ ఉన్న ఆటలో ఆ మూడు దోమకాటు. జ్యుయెల్డ్ లోటస్ 2020లో కమాండర్ కోసమే తయారైంది. ఖర్చు లేకుండా ఒకే రంగు మానాలు మూడు ఇస్తుంది, వాటితో కమాండర్‌ను మాత్రమే దించాలి. దాన్ని 2023లో మళ్లీ ముద్రించారు, మానా క్రిప్ట్ కూడా అదే ఏడాది ఒక కొత్త సెట్ ప్యాకెట్లలో కనిపించింది. ఆ ఆశతో ప్యాకెట్లు కొన్నవాళ్లు, వంద డాలర్లు దాటించి మానా క్రిప్ట్ కొన్నవాళ్లు ఏడాది అటూ ఇటూగా బ్యాన్ వార్త విన్నారు. కోపం రావడం సహజమే. కానీ ఆ కోపం కమిటీ సభ్యులను బెదిరించే దాకా పోయింది. షెల్డన్ మెనరీ అంతకు ఏడాది ముందే, 2023 సెప్టెంబర్‌లో, క్యాన్సర్‌తో చనిపోయాడు. బ్యాన్ ప్రకటించిన వారానికే, సెప్టెంబర్ 30న, కమాండర్ బాధ్యత మొత్తం విజర్డ్స్ కంపెనీ చేతికి వెళ్లింది. ఆటగాళ్లు ఆటగాళ్ల కోసం నడుపుకున్న పద్ధతి అక్కడితో ఆగిపోయింది. ఈ వ్యవహారంలో నాకు నిజంగా బాధ కలిగించింది అదే, కార్డుల ధర పడిపోవడం కాదు.

సోల్ రింగ్ మీద కమిటీ దాపరికం లేకుండానే మాట్లాడింది. ఇదే తర్కం సోల్ రింగ్‌కూ వర్తిస్తుందని ఒప్పుకుంది. కాకపోతే అది కమాండర్‌కు గుర్తుగా మారిపోయింది, తీసేస్తే ఆట రూపమే మారిపోతుందన్నది దాని వాదన. వాళ్లు చెప్పని కోణం ఇంకొకటి ఉంది. సోల్ రింగ్‌ను బ్యాన్ చేస్తే 2011 నుంచి అమ్ముడైన దాదాపు ప్రతి ప్రీకాన్, డబ్బా తెరవగానే నిబంధనకు విరుద్ధమైపోతుంది. సోల్ రింగ్‌ను కాపాడింది అలవాటు, డబ్బా. బలం విషయంలో దానికి ఏ మినహాయింపూ లేదు.

ఇంతవరకూ ఉన్నది ప్రపంచమంతటా జరిగే వాదనే. తిరుపతికి వచ్చేసరికి అది కొంచెం పక్కకు తిరుగుతుంది, దానికి కారణం జిరాక్స్ షాపు. ఇక్కడ అసలు కార్డులు దొరకడం కష్టం. చెన్నైకో బెంగళూరుకో పోవాలి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా డల్లాస్ నుంచి సెలవులకు వచ్చే బావమరిది సూట్‌కేసులో చోటు అడగాలి. అందుకే ఎక్కువమంది ప్రాక్సీలతో, అంటే ప్రింటు తీసుకున్న నకలు కార్డులతో ఆడతారు. ఏ4 షీటుకు తొమ్మిది కార్డులు సరిగ్గా పడతాయి. వంద కార్డుల డెక్‌కు పన్నెండు షీట్లు, కలర్ ప్రింటు. కత్తిరించి, వెనక ఒక పేకముక్క పెట్టి, ప్లాస్టిక్ స్లీవ్‌లో దూర్చడమే. పేకముక్క కొలత, మ్యాజిక్ కార్డు కొలత దాదాపు ఒకటే. (బల్ల మీద అన్ని పేకముక్కలు చూసిన ఇంటి పెద్దలకు ఇది మూడుముక్కలాట కాదని నమ్మబలకడం వేరే పని.) అధికారిక టోర్నమెంట్లలో ఇవి చెల్లవు. ఇంట్లో ఆడుకునే ఆటకు అడ్డం చెప్పేవాళ్లు లేరు.

జిరాక్స్ షాపులో మానా క్రిప్ట్ ధరా, సోల్ రింగ్ ధరా ఒకటే. సోల్ రింగ్ అందరికీ అందుతుంది కాబట్టి న్యాయమే అన్న వాదన ఇక్కడ నిలవదు. ప్రాక్సీల లోకంలో అన్నీ అందరికీ అందుతాయి. మిగిలేది ఆటబలం ప్రశ్న ఒక్కటే. మనవాళ్ల అభిప్రాయాలు వినడానికి నాకు ఆసక్తి కలిగింది అందుకే.

తీసేయాలనే వాళ్లు లెక్క చూపిస్తారు. కమాండర్ పోగా మిగిలిన 99 కార్డుల్లోంచి మొదట ఏడు చేతికొస్తాయి. అందులో సోల్ రింగ్ ఉండే అవకాశం 7 శాతం. ఒక్కడికి చూస్తే తక్కువే. నలుగురిలో ఎవరో ఒకరి చేతిలో ఉండే అవకాశం మాత్రం 25 శాతం, మొదటి టర్న్‌లో లాగే కార్డును కూడా కలిపితే 28 దాటుతుంది. చెయ్యి నచ్చక మార్చుకునే మలిగన్‌లను ఇందులో కలపలేదు. అంటే నాలుగు ఆటల్లో ఒకటి సగం లాటరీగా మొదలవుతుంది. రెండు గంటలు పట్టే ఆటకు అది ఎక్కువేనని వాళ్ల మాట.

ఉంచాలనే వాళ్ల మాటలోనూ పస ఉంది. ఇద్దరి ఆటలో ముందుకు దూకినవాణ్ని ఆపడానికి ఒక్కడే ఉంటాడు, ఇక్కడ ముగ్గురు ఉంటారు. మొదటి టర్న్‌లో సోల్ రింగ్ పడగానే ముగ్గురి కళ్లూ వాడి మీదే. వాడే మొదట దెబ్బలు తింటాడు, తరచూ వాడే మొదట బయటికి పోతాడు. ఇది నేనూ చూశాను. అయితే కొత్తవాడికి సోల్ రింగ్ పడితేనే ఇలా జరుగుతుంది. ఆట బాగా తెలిసినవాడికి పడితే ఆ ఐదు మానాలతో ఏం చేయాలో వాడికి తెలుసు, ముగ్గురూ తేరుకునేలోపు పని అయిపోతుంది. కాబట్టి ఆ వాదన సగమే నిజం.

ఇంకో రకం వాళ్లున్నారు, గొంతు తక్కువ, సంఖ్య ఎక్కువ. బావమరిది తెచ్చిన ప్రీకాన్‌ను మొన్ననే తెరిచినవాళ్లు. సీల్ తీసిన డబ్బాలోంచి ఒక కార్డు పక్కన పెట్టమంటే వాళ్లకు మనసొప్పదు. నాకు వాళ్ల మీద జాలే. కానీ ఎప్పుడూ కలిసి ఆడే నలుగురు సోల్ రింగ్ తీసేసి ఆడితే ఆట మెరుగ్గా ఉంటుందన్నది నా అభిప్రాయం, మూడో నాలుగో టర్న్ వరకూ అందరూ ఆటలో ఉంటారు. కొత్తవాడు వచ్చిన రోజు మాత్రం అందరూ పెట్టుకోవడమే మర్యాద.

కంపెనీ వైపు నుంచి తర్వాత వచ్చిన మార్పు బ్రాకెట్లు. 2025 ఫిబ్రవరిలో డెక్‌లను బలాన్ని బట్టి ఐదు మెట్లుగా విడగొట్టే పద్ధతిని ప్రయోగంగా ప్రకటించారు. దానితోపాటు ‘గేమ్ ఛేంజర్స్’ అని 40 కార్డుల జాబితా ఇచ్చారు. మొదటి రెండు మెట్లలో ఆ కార్డులు ఒక్కటి కూడా ఉండకూడదు, మూడో మెట్టులో మూడు వరకూ పెట్టుకోవచ్చు, పైన హద్దు లేదు. ఏప్రిల్‌లో గిఫ్ట్స్ అన్‌గివెన్‌తో కలిపి ఐదు పాత కార్డుల మీద బ్యాన్ ఎత్తేశారు. మానా క్రిప్ట్, జ్యుయెల్డ్ లోటస్ వాటిలో లేవు. ఆ 40 కార్డుల జాబితా రాగానే ఇక్కడివాళ్లు మొదట వెతికింది సోల్ రింగ్ పేరే. ఈసారీ లేదు. కాబట్టి అన్నిటికంటే కింది మెట్టు డెక్‌లో కూడా అది దర్జాగా ఉండొచ్చు.