పార్శిల్ కట్టేవాడికి పాఠం ఎవరు చెప్పారు?

అనుమానాస్పద మృతి కేసులో పోస్టుమార్టం అయ్యాక డాక్టరు కొన్ని సీసాలు పక్కన పెడతారు. ఒకదాంట్లో కడుపు, అందులో ఉన్నది, ఒక అడుగు చిన్నపేగు. ఇంకోదాంట్లో కాలేయం ముక్క, రెండు మూత్రపిండాల్లోంచి చెరో సగం. ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు పోస్తారు. సీసాలో మూడో వంతు ఖాళీ ఉంచాలి, లేకపోతే లోపల గ్యాస్ పట్టి మూత ఎగిరిపోతుంది. అవే ఉప్పునీళ్లు కొంచెం వేరే చిన్న సీసాలో విడిగా పంపాలి. విషం ఆ నీళ్లలోంచి రాలేదని రేపు కోర్టులో చూపించాలి కదా. గుడ్డ చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలేస్తారు. ఆ తర్వాత కోర్టు ద్వారా కాగితాలు చేతికొస్తే, అట్టపెట్టె చంకన పెట్టుకుని ఓ కానిస్టేబుల్ బస్సెక్కుతాడు.

ఆ పెట్టెను స్టేషన్లో అందరూ 'విసెరా' అనే అంటారు. చిత్తూరు జిల్లాలో అది ఏ కాలంలో ఏ ఊరికి వెళ్లిందో చూస్తే మన ఫోరెన్సిక్ చరిత్ర సగం తెలిసిపోతుంది.

మొదట అది వెళ్లింది మద్రాసుకు. దేశంలో విషాలు పరీక్షించే తొలి కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్ అక్కడే, 1849లో మొదలైంది. తర్వాత కలకత్తా, ఆగ్రా, బొంబాయి. అప్పటికి చిత్తూరు జిల్లా అన్నదే లేదు, ఈ ఊళ్లు చాలావరకు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1911లో జిల్లా ఏర్పడ్డాకా, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందే. ఆ ల్యాబ్‌కు వచ్చే కేసులు ఎక్కువగా పాషాణం (ఆర్సెనిక్), నల్లమందు, ఉమ్మెత్త. పాషాణాన్ని పట్టేందుకు 1836 నాటి మార్ష్ పరీక్ష ఉండేది. నమూనాకు జింకు, ఆమ్లం కలిపి, పైకొచ్చే గ్యాస్‌ను వెలిగించి, ఆ మంట మీద చల్లటి పింగాణీ ముక్క పెడితే అద్దంలా మెరిసే నల్లటి మరక పడుతుంది. దాన్ని చూసి పోల్చుకునే కన్ను ఒక పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకుంటేనే వచ్చేది. పుస్తకం తర్వాతి సంగతి.

వేలిముద్రల విద్యా అలాగే పెరిగింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతి వెనక పనంతా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన ఉద్యోగులది. లోకం మాత్రం దాన్ని పై అధికారి పేరుతో 'హెన్రీ పద్ధతి' అంటుంది. ఎవరి పని, ఎవరి పేరు!

కొత్త రాష్ట్రం కుదురుకున్నాక విసెరా పెట్టె దారి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌కు మళ్లింది. పొద్దున మద్రాసు వెళ్లి రాత్రికి ఇంటికి రాగలిగిన మనిషికి ఇప్పుడు రాత్రంతా ప్రయాణం. సొంత రాష్ట్రం వచ్చింది, ల్యాబ్ దూరమైంది. 2014 విభజనతో రెడ్ హిల్స్ పక్క రాష్ట్రంలో ఉండిపోయింది. మన ప్రధాన ల్యాబ్ మంగళగిరికి చేరింది. తిరుపతిలో ప్రాంతీయ ల్యాబ్ ఉంది కాబట్టి కొన్ని పరీక్షలు ఊళ్లోనే అవుతాయి. అన్నీ కాదు.

చదువు సంగతికొస్తే, సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లో నేరశాస్త్రం, ఫోరెన్సిక్ సైన్స్ విభాగం పెట్టారు. 1972లో ఢిల్లీలో పోలీసు, న్యాయ అధికారుల కోసం శిక్షణ సంస్థ వచ్చింది. గాంధీనగర్‌లో 2009లో గుజరాత్ ప్రభుత్వం పెట్టిన విశ్వవిద్యాలయం 2020 చట్టంతో జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం అయింది. ఇన్నేళ్లూ మామూలు ల్యాబ్‌లో చేరింది కెమిస్ట్రీ, బయాలజీ ఎమ్మెస్సీలే. ఉద్యోగంలో చేరాక పని నేర్చుకున్నవాళ్లే. దాన్ని తప్పని నేను అనను. ఇబ్బంది ఇంకో చోట ఉంది. శిక్షణ అనగానే ల్యాబ్ లోపలి మనిషే గుర్తొచ్చాడు గానీ, బయట పార్శిల్ కట్టే మనిషి ఎవరికీ గుర్తు రాలేదు.

1991 మే నెలలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. చిత్తూరు నుంచి చెన్నై వెళ్లే బస్సు ఆ ఊరు దాటే వెళ్తుంది. తమిళనాడు ఫోరెన్సిక్ డైరెక్టర్ చంద్రశేఖరన్ అక్కడ దొరికిన గుడ్డ పీలికలు, వైరు ముక్కలు కూర్చి, నడుముకు కట్టుకున్న బాంబు రూపాన్ని నిలబెట్టారు. ఎవరికీ పనికిరావనిపించే చెత్తను ఎవరూ ఊడ్చేయకపోబట్టే అది వీలైంది. అదే రోజుల్లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం డీఎన్ఏ పరీక్షను కోర్టుల దాకా తెచ్చింది.

డీఎన్ఏ వచ్చాక పార్శిల్ కట్టే పద్ధతే మారాలి. కొన్నేళ్ల కిందట ఓ పల్లెలో, ఘటనా స్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్ కుర్రాడు ఒక కానిస్టేబుల్‌తో మాట్లాడుతుంటే విన్నాను. రక్తం మరకలున్న పంచెను ఆయన అప్పటికే పాలిథిన్ కవర్లో పెట్టి ముడేశాడు. "అన్నా, కవర్లో పెడితే రేపటికి బూజు పడుతుందన్నా. నీడలో ఆరబెట్టి పేపర్లో చుట్టాల. ఎండలో వద్దు" అని కుర్రాడు విప్పించాడు. కానిస్టేబుల్‌కు కోపం రాలేదు, ఆశ్చర్యపోయాడంతే. సర్వీసులో ఇరవై ఏళ్లు దాటిన మనిషి. "మాకెవరు చెప్పినారు సార్ ఇవన్నీ" అని నా వైపు చూశాడు. తడిగుడ్డను కవర్లో బిగిస్తే చెమ్మకు సూక్ష్మజీవులు పెరిగి డీఎన్ఏను తినేస్తాయి. ఆ తర్వాత కోట్ల రూపాయల మిషన్ ఉన్నా చేసేదేం లేదు.

మన దగ్గర ఇంకో ప్రత్యేక సమస్య ఎర్రచందనం. శేషాచలం అడవుల్లో దొరికిన దుంగ ఎర్రచందనమేనని రుజువు చేయడం చూసినంత తేలిక కాదు. దాని దాయాది వేగిస కూడా ఇదే అడవుల్లో పెరుగుతుంది. ఎర్రచందనం బరువైన కర్ర, నీళ్లలో మునుగుతుంది. దాని రంగు నీళ్లలో సరిగా దిగదు, స్పిరిట్‌లో దిగుతుంది. పాతకాపు బీట్ ఆఫీసరు రంగు, బరువు చూసే చెప్పేస్తాడు. కోర్టుకు అది చాలదు. పలుచటి పొర కోసి, మైక్రోస్కోప్ కింద కణాల అమరిక చూసి చెప్పాలి. బెంగళూరులోని కలప పరిశోధన సంస్థలో చేసే పని అదే. ఎరుపు పొడైపోయిన సరుకు విషయంలో అదీ కష్టమే.

రిపోర్టు చదవడానికీ చదువు కావాలి. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి గొడవప్పుడు శాంపిల్ గుజరాత్‌లోని ఆనంద్ ల్యాబ్‌కు వెళ్లింది. టీకొట్టు దగ్గర కూడా దాని అంకెల మీదే చర్చ. ఆవుల మేతను, స్థితిని బట్టి ఆ అంకెలు తప్పుదారి పట్టించే సందర్భాలూ ఉంటాయని అదే రిపోర్టులో రాసుంది. ఆ మాట చాలామందికి కనబడలేదు. కేసు సంగతి కోర్టులో తేలాల్సిందే, నేను చెప్పేది చదివే అలవాటు గురించి.

ఇక 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి స్వయంగా వెళ్లాలి, ఆధారాల సేకరణను వీడియో తీయించాలి అంటుంది పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోని సెక్షన్ 176(3). సోదా, జప్తు వీడియో తీయాలన్నది 105. ఫోన్, సీసీ కెమెరా సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టిన అంకె, రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది, పాత లక్క సీలు చేసే పనే ఇది. కాకపోతే లక్క కరిగించడం వచ్చిన చేతికి దీన్ని మళ్లీ కొత్తగా నేర్పాలి. దొంగతనం కేసులో దొరికిన ఫోన్‌ను అన్‌లాక్ చేసి ఫొటోలు చూసేసి, ఆ తర్వాత సీలేస్తే వచ్చే టెన్షన్ ఏంటో డిఫెన్స్ లాయర్లను అడిగితే చెప్తారు.

176(3)ను అమలు చేసే తేదీని రాష్ట్రాలు ఐదేళ్లలోగా నోటిఫై చేసుకోవచ్చు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో రాత్రి పదింటికి కుప్పంలో ఒకటి, సత్యవేడులో ఒకటి కేసు పడితే ఎన్ని టీమ్‌లు కావాలో లెక్కేయడం కష్టమేం కాదు. అదే సెక్షన్లో ఇంకో వాక్యం ఉంది. సొంత సదుపాయం లేనిచోట, అది సమకూరేదాకా వేరే రాష్ట్రం ల్యాబ్‌ను వాడుకునేలా నోటిఫై చేయాలి. చిత్తూరుకు దగ్గర్లోని పక్క రాష్ట్రం రాజధాని ఏదంటే చెన్నై. బస్సులో మూడు నాలుగు గంటలు.