రొయ్యలు, తాబేళ్లు, నా ఉద్యోగం

చిట్టీ, కన్నా,

"లా చదివావు కదా అమ్మమ్మా, కోర్టుకి ఎందుకు వెళ్లలేదు?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఫోన్లో చెప్పి ముగించే మాట కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కోర్టుకి వెళ్లకుండా నేను కాలేజీ పిల్లలకి పాఠం చెప్పాను, అదీ అంతర్జాతీయ వాణిజ్య న్యాయం. ఒక దేశం సరుకును ఇంకో దేశం ఏ కారణంతో ఆపవచ్చు, ఎప్పుడు ఆపకూడదు అని తేల్చే చట్టం. 1947లో గాట్ అనే వాణిజ్య ఒప్పందం రాసుకున్న 23 దేశాల్లో మనదీ ఒకటి. 1995 జనవరి 1న జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) మొదలయ్యాక, తగాదాలు తీర్చే పద్ధతి గట్టిపడింది.

ఇదంతా ఎక్కడో జరిగే వ్యవహారం అనుకోకండి. మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు దింపే రొయ్యల మీదే పెద్ద కేసు నడిచింది. రొయ్యల వలల్లో చిక్కి సముద్రపు తాబేళ్లు ఊపిరాడక చనిపోతున్నాయని, వాటిని కాపాడే ఏర్పాటు లేని దేశాల రొయ్యలను అమెరికా ఆపేసింది. ఆ ఏర్పాటు పెద్దదేం కాదు. వలలో ఏటవాలుగా బిగించే ఊచల చట్రం. రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. 1996లో మనమూ, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ఫిర్యాదు చేశాం.

ఈ కేసు చెబుతుంటే ఒక కుర్రాడు లేచాడు. వాళ్ల నాన్నకి బోటు ఉంది. "మేడమ్, మా నాన్న ఆ చట్రం కొని బిగించుకుంటే మా రొయ్యలు కొంటారా?" అన్నాడు. ఆ కేసు నాటికి కొనేవారు కాదు. దేశానికి అమెరికా సర్టిఫికెట్ లేకపోతే, చట్రం బిగించి పట్టిన రొయ్య కూడా పనికిరాదు అనేవారు. 1998 అక్టోబరులో డబ్ల్యూటీవో అప్పీలు న్యాయమూర్తులు తప్పుపట్టిన వాటిలో ఇదీ ఒకటి. కరీబియన్ దేశాలకు మూడేళ్లు గడువిచ్చి, మనకి నాలుగు నెలలే ఇవ్వడం ఇంకొకటి.

కానీ "తరిగిపోయే సహజ వనరులు" కాపాడటానికి సరుకు ఆపవచ్చని గాట్‌లో ఉంది, ఆ మాట దగ్గర మన వాదన నిలవలేదు. అవి ఖనిజాలే, ప్రాణులు పిల్లల్ని కంటాయి కాబట్టి తరిగిపోవు అన్నాం. తాబేళ్లూ తరిగిపోతాయి అన్నారు ఆ న్యాయమూర్తులు. వాళ్లదే సరైన మాట అని నేను క్లాసులో చెప్పేదాన్ని. మన దేశం వాదన అయినంత మాత్రాన వెనకేసుకు రాకూడదు కదా. ఆ ఒక్క మాట కోసం పిల్లలతో రెండు రోజులు కూర్చున్నాను. నా ఉద్యోగం అంటే ఎక్కువగా ఇదే.

ఆ అప్పీలు వ్యవస్థలో ఏడుగురు ఉండాలి, ఒక్కో కేసు ముగ్గురు వినాలి. కొత్తవాళ్ల నియామకాలకు అమెరికా ఒప్పుకోకపోవడంతో 2019 డిసెంబరుకి ఒక్కరే మిగిలారు. జీవితమంతా చదివిన తీర్పులు అక్కడ ఆగిపోయాయి. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

చిట్టీ, నీకు నిజంగా ఇష్టమైతే ఇంటర్ అయ్యాక ఐదేళ్ల లా. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి క్లాట్, ఆంధ్రా యూనివర్సిటీకి లాసెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. తర్వాత ఎల్ఎల్ఎం (లాలో పీజీ), లెక్చరర్ అర్హత పరీక్ష నెట్, పీహెచ్‌డీ. చాలా ఏళ్లు పడుతుంది, టెన్షన్ పడకు.

ఈసారి ఏప్రిల్ 15 లోపే రండి, ఆ తర్వాత రెండు నెలలు వేట నిషేధం. తెల్లారకుండా హార్బర్‌కి తీసుకెళ్తాను. ఆర్కే బీచ్‌లో తాబేలు గుడ్లను పొదిగించే చోటు కూడా చూద్దాం.

మీ అమ్మమ్మ,
విశాఖపట్నం