అపోహలు - వాస్తవాలు: బోర్డు బొమ్మ ఒక్కటే ఆట కాదు

ఇద్దరు ఆడే చిన్న చిన్న ఆటలకు ప్రోగ్రాం రాయడం నేర్పడం, కొత్తవాళ్లు రాసిన కోడ్ చూసిపెట్టడం నా పని. టిక్-టాక్-టో, నిమ్, కనెక్ట్ ఫోర్, ఒథెల్లో, కాస్త చెయ్యి తిరిగాక చదరంగం. ఏళ్లుగా ఒకే బాధ రకరకాల మాటల్లో వింటున్నాను: "సార్, మినీమాక్స్ కరెక్ట్‌గానే రాశాను. పదిసార్లు చూసుకున్నాను. అయినా పిచ్చి ఎత్తులు వేస్తోంది." మినీమాక్స్ అంటే, ఎదుటివాళ్లు కూడా తమకు మంచి ఎత్తే వేస్తారనుకుని, ముందు రాబోయే ఎత్తులన్నీ వెతికి (దీన్నే సెర్చ్ అంటారు) మనకు మేలైనది ఎంచుకునే పద్ధతి. తీసి చూస్తే అది నిజంగానే కరెక్ట్‌గా ఉంటుంది. తప్పు అంతకన్నా ముందే, ఆటను డేటాగా రాసుకున్న చోటే జరిగిపోయి ఉంటుంది. మొన్న ఒక్క వారంలోనే ముగ్గురికి ఇదే మాట చెప్పాల్సి వచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: ఏ గడిలో ఏముందో రాసుకుంటే ఆట మొత్తం రాసుకున్నట్టే

అందరికన్నా ఎక్కువమందిని ముంచేది ఇదే. మిగతా అపోహల వల్ల ఒక సాయంత్రం వృథా అవుతుంది. దీనివల్ల వారాలు పోతాయి, నమ్మకం కూడా పోతుంది.

ఈ అపోహ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. అందరూ టిక్-టాక్-టోతో మొదలుపెడతారు. అందులో బోర్డు చూస్తే చాలు, వంతు ఎవరిదో తెలిసిపోతుంది. ఇంటూలు, సున్నాలు సమానంగా ఉంటే ఇంటూ వంతు, ఒక ఇంటూ ఎక్కువుంటే సున్నా వంతు. అంటే వంతును విడిగా రాయకపోయినా అది బోర్డులోనే దాగి ఉంటుంది. ప్రోగ్రాం చక్కగా ఆడుతుంది. "బోర్డు రాస్తే చాలు" అన్న పాఠం మనసులో దిగిపోతుంది. నిజానికి అది ఆ ఒక్క ఆటకున్న సౌకర్యం. రెండో ఆటకు వెళ్లేసరికి కాలికింద నేల కదులుతుంది.

ఒక కుర్రాడి కోడ్ చెబుతాను. నిమ్ ఆట. కుప్పలుగా పుల్లలు ఉంటాయి, వంతు వచ్చినవాళ్లు ఏదో ఒక కుప్పలోంచి కనీసం ఒకటి, కావాలంటే ఎన్నైనా తీయొచ్చు, చివరి పుల్ల తీసినవాళ్లది గెలుపు. ఈ ఆటకు చార్లెస్ బౌటన్ 1901లోనే పూర్తి పరిష్కారం రాశారు. కుప్పల సంఖ్యలను ఎక్సార్ (బిట్లను ఒక్కొక్కటిగా పోల్చే లెక్క) చేస్తే చాలు, ఏ సెర్చూ అక్కర్లేదు. కానీ సెర్చ్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఆట లేదు కాబట్టి దీన్నే ఇస్తాను. అతని ప్రోగ్రాం పెద్ద కుప్పల్లో తప్పులు చేస్తోంది. "చిన్నది పెట్టి చూద్దాం" అని 2, 1 కుప్పలతో మొదలుపెట్టాం. వంతు ప్రోగ్రాందే.

గెలిపించే ఎత్తు ఒక్కటే ఉంది. మొదటి కుప్పలోంచి ఒక పుల్ల తీసి 1, 1 చేయాలి. ఆ తర్వాత ఎదుటివాళ్లు ఏది తీసినా మిగిలినది మనదే. అతని ప్రోగ్రాం మాత్రం మొదటి కుప్పలోని రెండు పుల్లలూ తీసేసి, మిగిలిన ఒక్క పుల్లనూ మా చేతికిచ్చింది.

ఎందుకలా చేసిందో కాగితం మీద ఒక్కో అడుగూ రాశాం. ఒకసారి లెక్కగట్టిన పొజిషన్ మళ్లీ ఎదురైతే తిరిగి లెక్కగట్టకుండా ఫలితాన్ని డిక్షనరీలో దాచుకుంటోంది. మంచి అలవాటే. కాకపోతే డిక్షనరీ కీ, అంటే దాచిన ఫలితాన్ని మళ్లీ వెతికే గుర్తు, కుప్పల సంఖ్యలు మాత్రమే. మొదట "రెండూ తీస్తే ఏమవుతుంది" అని చూసింది. 0, 1 మిగులుతుంది, వంతు ఎదుటివాళ్లది, వాళ్లు ఆ ఒక్కటీ తీసి గెలుస్తారు. సరిగ్గానే లెక్కగట్టి "0, 1 అంటే ఎదుటివాళ్ల గెలుపు" అని రాసిపెట్టుకుంది. తర్వాత "ఒకటి తీస్తే" అని చూసింది. 1, 1 అయింది, వంతు ఎదుటివాళ్లది. వాళ్లు మొదటి కుప్ప ఖాళీ చేస్తే మళ్లీ 0, 1 వచ్చింది. ఈసారి వంతు ప్రోగ్రాంది, గెలుపు కూడా దానిదే. కానీ అది డిక్షనరీ తెరిచి చూసింది. అక్కడ "ఎదుటివాళ్ల గెలుపు" అని ఉంది. అంతే, 1, 1 కూడా ఓటమి కింద పడిపోయింది. మిగిలిన మూడో ఎత్తు, అంటే రెండో కుప్పలోని పుల్ల తీయడం, ఎలాగూ ఓటమే. మూడూ ఒకేలా కనిపించేసరికి అన్నిటికన్నా ముందు చూసిన ఎత్తునే వేసేసింది.

మినీమాక్స్‌లో ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పంతా కీలో వంతు లేకపోవడంలోనే ఉంది. ఆ కుర్రాడు దీనికోసం మూడు వారాలు నిద్ర చెడగొట్టుకున్నాడు. "నాకు లెక్కలు రావు సార్, ఈ ఫీల్డ్ నాకు సెట్ కాదేమో" అన్నాడు. తెలిసినవాళ్లు ఎవరో "ఈ పాత పద్ధతులు ఇప్పుడు పనిచేయవు, న్యూరల్ నెట్‌వర్క్ పెట్టు" అన్నారట. వినడానికి నాకే కోపం వచ్చింది. మూడు పుల్లల ఆటకు న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకు? తెలియనప్పుడు తెలియదని చెబితే ఆ పిల్లాడికి ఆ మూడు వారాలూ మిగిలేవి. కీలో వంతు చేర్చాక నాలుగు కుప్పలతో కూడా తప్పు లేకుండా ఆడింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, బాగా చదివినవాళ్లు అడుగుతారు. నిమ్‌లో వంతు లేకుండా కుప్పలను మాత్రమే కీగా పెట్టి రాసిన ప్రోగ్రాంలూ ఉన్నాయి, అవి సరిగ్గానే పనిచేస్తాయి. కారణం ఏమిటంటే అవి దాచుకునేది "ఎవరు గెలుస్తారు" అని కాదు, "ఇప్పుడు వంతు ఉన్నవాళ్లు గెలుస్తారా" అని. ఇద్దరికీ ఒకే ఎత్తులు ఉండే ఆట కాబట్టి అది చెల్లుతుంది. వంతు కీలో లేకపోయినా విలువ అర్థంలో ఉంది. రెండు చోట్లా లేకపోతేనే ప్రమాదం. నెగామాక్స్ (విలువను ఎప్పుడూ వంతు ఉన్నవాళ్ల వైపు నుంచే చూసే మినీమాక్స్ రూపం) చూసి కాపీ కొట్టిన డిక్షనరీని మామూలు మినీమాక్స్‌కు అతికించినప్పుడు సరిగ్గా ఈ గొడవే వస్తుంది.

ఇంకో ఆట, ఇంకో గొయ్యి. "వంతు విడిగా ఎందుకు, ఎన్ని ఎత్తులు అయ్యాయో లెక్కపెట్టి సరి-బేసి చూస్తే సరిపోతుంది కదా" అంటారు. ఒథెల్లోలో వేయడానికి ఎత్తు లేనివాళ్లు పాస్ చెప్పాలి, ఎదుటివాళ్లే మళ్లీ ఆడతారు. చుక్కలు కలిపి పెట్టెలు కట్టే ఆటలో పెట్టె పూర్తిచేసినవాళ్లకు ఇంకో వంతు వస్తుంది. అక్కడ సరి-బేసి లెక్క గాలికి పోతుంది. పైగా ఆ పెట్టెల ఆటలో ఏ గీతలు గీశారో చూస్తే ఏ పెట్టె ఎవరిదో తెలియదు. స్కోరు విడిగా రాయాల్సిందే.

చదరంగంలో అయితే ఇది ఇంకా స్పష్టం. ఒక పొజిషన్‌ను ఒకే లైనులో రాసే ఫెన్ పద్ధతి చూడండి. అందులో ఆరు భాగాలుంటాయి. పావులు ఎక్కడున్నాయో చెప్పేది వాటిలో ఒక్కటే. మిగతా ఐదూ బోర్డు మీద కంటికి కనపడనివి: వంతు ఎవరిది, క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) హక్కులు ఎవరికి ఏవైపు మిగిలాయి, ఆన్ పాసాన్ (రెండు గడులు దూకిన బంటును ఆ వెంటనే పక్క బంటుతో కొట్టడం) గడి ఏది, యాభై ఎత్తుల రూలు కోసం లెక్క, ఎన్నో ఎత్తు. రాజు, ఏనుగు రెండూ సొంత గడుల్లోనే నిలబడి ఉంటాయి. కానీ రాజు ఒకసారి కదిలి వెనక్కి వచ్చి ఉంటే క్యాస్లింగ్ కుదరదు. బొమ్మ అదే, ఆట వేరు. అదే పొజిషన్ మూడుసార్లు రావడం అనే రూలుకు ఫెన్ కూడా చాలదు, జరిగిన ఎత్తుల చరిత్ర కావాలి.

ఆల్బర్ట్ జోబ్రిస్ట్ 1970లో చెప్పిన హ్యాషింగ్ పద్ధతి, అంటే ఒక పొజిషన్‌ను ర్యాండమ్ సంఖ్యలు కలిపి ఒకే సంఖ్యగా (హ్యాష్‌గా) మార్చి టేబుల్‌లో కీగా వాడే పద్ధతి, ఈ రోజుకీ చదరంగం ప్రోగ్రాంలలో ఉంది. 12 రకాల పావులు, 64 గడులు, అంటే 768 ర్యాండమ్ సంఖ్యలు. అక్కడితో ఆగరు. వంతుకు 1, క్యాస్లింగ్ హక్కులకు 4, ఆన్ పాసాన్ ఫైల్‌కు 8 కలిపి 781 పెట్టుకోవడం మామూలు. నేను చదరంగం ప్రోగ్రాం రాసిన మొదట్లో ఆ చివరి 8 వదిలేశాను. కొన్ని రోజులపాటు అంతా బాగుంది. తర్వాత ఒక గేములో నా ప్రోగ్రాం అసలు లేని ఆన్ పాసాన్ కొట్టబోయింది. టేబుల్‌లో ఉన్న పాత పొజిషన్‌లో ఆ హక్కు ఉంది, కొత్తదానిలో లేదు, రెండిటి హ్యాష్ మాత్రం ఒకటే. ఆ రాత్రంతా వెతికాను. అందుకే ఈ విషయంలో ఎవరైనా టెన్షన్ పడుతుంటే నాకు వాళ్ల బాధ అర్థమవుతుంది.

నేను అందరితో చేయించే పరీక్ష ఇది. మీ స్టేట్‌లో, అంటే ఆట పరిస్థితిగా మీ ప్రోగ్రాం దాచుకునే డేటాలో, ఉన్నవి మాత్రమే ఒక చీటీ మీద రాయండి. ఇప్పటిదాకా ఆట చూడని మనిషికి ఆ చీటీ ఇవ్వండి. ఆ మనిషి మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఆట కొనసాగించగలిగితే మీ స్టేట్ సరిపోయింది. "ఇప్పుడు ఎవరి వంతు?" అని అడిగితే చాలలేదు. ఆ కుర్రాడి చీటీ మీద "2, 1" అని మాత్రమే ఉంది. నేను ఆ ప్రశ్న అడిగాక అతను కాసేపు మాట్లాడలేదు, తర్వాత పెన్ను తీసుకుని పక్కన వంతు రాశాడు.

అపోహ: ఒకే బోర్డును ఫంక్షన్‌ల మధ్య తిప్పుతూ పోతే సరిపోతుంది

సరిపోతుంది, వేసిన ఎత్తును వెనక్కి తీస్తే. లేదా ప్రతి ఎత్తుకూ కొత్త కాపీ చేసుకుంటే. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉండండి. సగం సగం చేస్తే, సెర్చ్ ముగిసేసరికి బోర్డు నిండా ఎవరూ వేయని గుర్తులు ఉంటాయి. చిన్న ఆటలకు కాపీయే మేలని నా అభిప్రాయం. నిదానమే, కానీ నమ్మొచ్చు. వెనక్కి తీసేటప్పుడు గడి ఒక్కటే ఖాళీ చేస్తే కుదరదు, వంతు, స్కోరు, హక్కులు అన్నీ పాత చోటికి రావాలి.

పైథాన్ వాళ్లకు ఒక మాట. ఒక వరుస లిస్టు రాసి, దాన్ని ఇంకో లిస్టులో పెట్టి మూడుతో గుణిస్తే మూడు వరుసలు రావు. ఒకే వరుస మూడు చోట్ల కనిపిస్తుంది. మధ్యలో ఒక్క ఇంటూ పెట్టండి, నిలువునా మూడు ఇంటూలు వచ్చి గెలిచినట్టు చూపిస్తుంది.

అపోహ: బోర్డు అంటే రెండు డైమెన్షన్ల ఎర్రే ఉండాల్సిందే

అక్కర్లేదు. తొమ్మిది గడులకు ఒకే లిస్టు చాలు. ఇంకా కావాలంటే ఇంటూకు తొమ్మిది బిట్ల సంఖ్య ఒకటి, సున్నాకు ఒకటి. గెలిచే ఎనిమిది వరుసలు అప్పుడు ఎనిమిది సంఖ్యలు: 7, 56, 448, 73, 146, 292, 273, 84. మన సంఖ్యను వీటిలో ఒకదానితో బిట్లవారీగా యాండ్ చేస్తే అదే సంఖ్య తిరిగి వస్తే గెలిచినట్టు. బాగుంటుంది, కానీ మొదటిరోజే ఇది చేయమని ఎవరైనా ఒత్తిడి పెడితే పట్టించుకోకండి.

అపోహ: ఆట మొత్తం చెట్టులా మెమొరీలో పెట్టాలి, మామూలు కంప్యూటర్ తట్టుకోదు

టిక్-టాక్-టో చెట్టులో మొదటి ఖాళీ బోర్డుతో కలిపి 5,49,946 నోడ్లు (ఒక్కో దారిలో వచ్చే ఒక్కో పొజిషన్) ఉంటాయి. ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్‌లో ఒక సమయానికి మెమొరీలో ఉండేది ఖాళీ బోర్డు నుంచి ఇప్పటి ఎత్తు దాకా ఉన్న దారి మాత్రమే, గట్టిగా లెక్కేస్తే పది పొజిషన్లు. ఒకే పొజిషన్ చాలా దారుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, అసలు వేర్వేరు పొజిషన్లు 5,478 మాత్రమే. 1952లోనే కేంబ్రిడ్జ్‌లో ఎడ్సాక్ యంత్రం మీద ఈ ఆట ఆడే ప్రోగ్రాం రాశారు. మీ దగ్గరున్నది అంతకన్నా చాలా పెద్ద యంత్రం. భయం వద్దు.

అపోహ: ఆల్ఫా-బీటా వాడితే జవాబు ఉజ్జాయింపుగా వస్తుంది

రాదు. ఆల్ఫా-బీటా అంటే మినీమాక్స్‌ను త్వరగా ముగించే పద్ధతి. మొదటి పొజిషన్‌కు మినీమాక్స్ ఇచ్చే విలువే అదీ ఇస్తుంది. చూడనక్కర్లేని కొమ్మలను మాత్రమే వదిలేస్తుంది. విలువ తేడా వస్తే మీ కోడ్‌లో బగ్ ఉంది.

అపోహ: తెలివిగా ఆడితేనే ప్రోగ్రాం సరిగ్గా రాసినట్టు తెలుస్తుంది

ఆడించి చూడటం చాలా బలహీనమైన పరీక్ష. లెక్కపెట్టి చూడండి. ఏ తెలివీ లేకుండా, మొదటి పొజిషన్ నుంచి ఒక్కో లోతుకు ఎన్ని దారులున్నాయో ప్రోగ్రాం చేత లెక్కపెట్టించండి. దీన్ని పెర్ఫ్ట్ అంటారు. చదరంగంలో 20, 400, 8,902, 1,97,281 రావాలి. మీకు వేరే సంఖ్య వస్తే, సెర్చ్ జోలికి వెళ్లకముందే రూల్స్‌లో తప్పుందని తెలిసిపోతుంది. టిక్-టాక్-టోలో 9, 72, 504, 3,024, 15,120 అని వస్తాయి. ఆరో ఎత్తు దగ్గర జాగ్రత్తగా చూడండి. అక్కడ 54,720 రావాలి, ఎందుకంటే ఐదో ఎత్తుకే 1,440 గేములు గెలుపుతో ముగిసిపోతాయి. 60,480 వస్తే మీ ప్రోగ్రాం గెలిచాక కూడా ఆడనిస్తోంది.