మడ మట్టిలో మందు, చెరువులో మందు: మధ్యలో 1950

రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల గొడవ మళ్లీ రాజుకుంది. దాంతోపాటే పాత మాటా పైకొచ్చింది: కోరింగ మడ అడవుల మట్టిలో కొత్త మందులు వెతకాలని. పెన్సిలిన్ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. ఈ గొడవకు ముడి 1950లో పడింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే మందుల సంస్థ పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే, అక్కడ బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు. 1948లో ఆ మందు సంగతి బయటకొచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. ఆ రోజుల్లోనే అదే సంస్థలో స్టాక్‌స్టడ్, జూక్స్ బి12 విటమిన్ కోసం ఆరియోమైసిన్ పులియబెట్టగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపారు. పిల్లలు విటమిన్ లెక్కకు మించి పెరిగాయి. అది పిప్పిలో మిగిలిన మందు పనేనని 1950లో ప్రకటించారు. రోగం లేని జీవికి మేతలో చిటికెడు మందు కలిపే అలవాటు అక్కడ పాతుకుంది. మన చెరువు గట్టు మీద కనిపించేది దాని వారసత్వమే.

మందు రైతే వేశాడని కొనేవాళ్లు అంటారు. రైతు మాట వేరు: సీడ్, అంటే రొయ్యపిల్ల, హేచరీలోనే మందు తిని వచ్చిందేమో ఎవరు చూశారు? షాపులో ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) అని ఇచ్చిన ప్యాకెట్లో ఏముందో రొయ్యలు పట్టాక, శాంపిల్ పరీక్షలో పోయినప్పుడే కదా తెలిసేది! ఇది తోసిపుచ్చే వాదన కాదు. యూరప్‌లో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కిలోకు 0.15 మైక్రోగ్రాములు ఉన్నా సరుకు ఆగుతుంది. అంటే టన్ను రొయ్యకు 0.15 మిల్లీగ్రాము. పైగా రొయ్యల జబ్బుల్లో తెల్లమచ్చ వైరస్ వల్ల వచ్చేది, ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే బూజుజాతి పరాన్నజీవి వల్ల వచ్చేది. రెంటికీ యాంటీబయాటిక్ దండగ. విబ్రియో బ్యాక్టీరియా మీద కొంత పనిచేసినా, జబ్బుపడ్డ రొయ్య ముందు మేత మానేస్తుంది. మేతకు పట్టించిన మందు నీళ్లలో కరిగిపోతుంది.

ఆ క్లోరాంఫెనికాల్ కూడా 1947లో వెనిజులా మట్టిలో దొరికిందే. ఇక మన మడ మట్టిలో అలాంటి మందు చేసే సూక్ష్మజీవులను వెతికే సంగతి. పోటు తీసిన వేళ, పైపొర తోసేసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు బురద స్టెరైల్ సంచిలోకి తీస్తారు. వారం నీడన ఆరబెట్టి, నీళ్లలో కలిపి 55 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే తొందరగా పెరిగే బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది. సగం సముద్రపు నీటితో చేసిన స్టార్చ్ కేసీన్ అగార్‌లో (సూక్ష్మజీవులను పెంచే జెల్లీలో) బూజు రాకుండా నిస్టాటిన్ కలిపి, 28 డిగ్రీల్లో రెండు మూడు వారాలు ఆగాలి. సుద్దపొడిలా ఉండి, తొలకరి మట్టి వాసన కొట్టే స్ట్రెప్టోమైసిస్ లాంటి కాలనీలు కావాలి. అయిదో రోజే ప్లేట్లు పారేస్తే చేతికొచ్చేది తొందరగా పెరిగే బాసిల్లస్ బ్యాక్టీరియానే.

అసలు తప్పు తర్వాత జరుగుతుంది. ముడి సారం చుట్టూ జోన్ (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం) కనిపించగానే కొత్త మందు దొరికిందని రాసేస్తారు. మడ ఆకు సారమైతే అందులోని టానిన్లే ప్రొటీన్లను పట్టేసి మోసం చేస్తాయి. సూక్ష్మజీవి సారమైతే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలో అణువు తూకం చూడగానే ఎప్పుడో తెలిసిన యాక్టినోమైసినో, స్ట్రెప్టోత్రిసినో అని తేలడం మామూలు. మిల్లీగ్రాముల్లో పనిచేసింది శుద్ధి చేశాక మైక్రోగ్రాముల్లో పనిచేయకపోతే ఆ దారి మూసేయడమే.

నిజంగానే కొత్తది దొరికిందనుకుందాం. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవి తన మందుకు తాను చావకుండా, దాన్ని తట్టుకునే నిరోధక జన్యువునూ పెట్టుకునే ఉంటుంది. అది ఉండేది ఆ బురదలోనే. చెరువుల మురుగు నీరు దిగే పాయలూ ఆ బురద మీదుగానే పోతాయి.